సగం లేపిన సుత్తి

ఏ తుపాకీ చేతికిచ్చినా డెల్మర్ హౌక్ ముందు దాన్ని చూడడు, వింటాడు. లోపల తూటాలు లేవని తడిమి చూసుకుని, ట్రిగ్గర్ చుట్టూ ఉంగరంలా వంగి ఉండే లీవర్‌ని కిందికి తోసి పైకి లాగుతాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ అదే పని. కొత్త లీవర్ రైఫిల్ అయితే లోపల ఇనుముని ఇనుము గీరుకుని కరకరలాడుతుంది. "లోపలెవడో కూచుని పేలాలు నములుతున్నాడ్రా. వాణ్ణి బయటికి పంపాలి" అంటాడు. తెచ్చినవాడు ఆ మాట పదోసారి వింటున్నా నవ్వుతాడు. నవ్వకపోతే పని ఆలస్యమవుతుందని వాడికి భయం.

హారిగన్ ఊళ్ళో తుపాకీ లేని ఇల్లు లేదు. వయోమింగ్ కొండల కింద, గాలి తప్ప ఇంకేం దండిగా దొరకని చోటు. అక్టోబరు వచ్చిందంటే బడికి కూడా సెలవిచ్చేస్తారు, పిల్లలెలాగూ రారు కాబట్టి. గుర్రమంత ఉండే ఎల్క్ దుప్పిని ఒకదాన్ని కొడితే చలికాలమంతా ఫ్రీజర్ నిండినట్టే. కొట్టలేకపోయినవాడు చలికాలమంతా కోడిమాంసం కొనుక్కుంటూ, కొట్లో ఎవరికీ కనపడకుండా పక్కదారిన పోతాడు.

డెల్మర్ కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి రిటైరయ్యాడు. బండి ఏ రాయి మీదికి ఎక్కిందో స్టీరింగు పట్టుకున్న చేతులకే తెలిసేదంటాడు. ఆ చేతులతోనే తుపాకీలు నున్నగా చేయడం నేర్చుకున్నాడు. గురువు లేడు. ఒక చలికాలం మంచులో ఇంట్లో ఇరుక్కుపోయి, మేనమామ ఇచ్చిన పాత రైఫిల్‌ని వంటింటి బల్ల మీద విప్పాడు. భార్య ఆర్లిస్ వారం రోజులు ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని తింది. బల్ల ఖాళీ అయ్యేటప్పటికి ఆ రైఫిల్ లీవరు వెన్నలో కత్తి దిగినట్టు దిగుతోంది.

పని చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. లోపలి బోల్టుకి నల్ల మార్కర్‌తో రంగు పూస్తాడు. తుపాకీ కూర్చి లీవరు ఆడిస్తాడు. మళ్ళీ విప్పుతాడు. ఎక్కడ రంగు చెరిగిందో అక్కడే రాపిడి ఉన్నట్టు. ఆ ఒక్కచోటే సన్నటి సానరాయితో, నూనె వేసి, నాలుగు లాగులు లాగుతాడు. మళ్ళీ రంగు, మళ్ళీ కూర్చడం, మళ్ళీ ఆడించడం. టీవీలో బేస్‌బాల్ చూస్తూ తొమ్మిది ఇన్నింగ్సులూ లీవరు ఆడిస్తూనే ఉంటాడు. ఆ చప్పుడు లేకపోతే ఆర్లిస్‌కి నిద్ర రాదు. డబ్బు ముట్టుకోడు. ఇచ్చేవాళ్ళు ఎల్క్ సాసేజీలో, చోక్‌చెర్రీ జామో, ఒక లారీ కట్టెలో ఇచ్చిపోతారు. ఇవ్వనివాడి పేరు ఆర్లిస్ గుర్తుపెట్టుకుంటుంది, డెల్మర్ మర్చిపోతాడు.

అయితే జనం నునుపుతో ఆగలేదు. ట్రిగ్గరు కూడా తేలిగ్గా పడాలన్నారు. ట్రిగ్గర్ పై కొస, తూటాని వెనకనుంచి కొట్టే సుత్తి అడుగున ఉన్న గంటులో కూర్చుంటుంది. ట్రిగ్గర్ లాగితే కొస జారి, సుత్తి పడి, తూటా పేలుతుంది. గంట్లు రెండు. పూర్తిగా లేపిన సుత్తిని పట్టుకునేది ఒకటి, సగం లేపి ఆపేది ఇంకోటి. కొత్త రకం తుపాకీలకి పేలకుండా ఆపే మీట ఉంటుంది. హారిగన్‌లో ఆ మీట ఉన్న తుపాకీ తెచ్చినవాణ్ణి "సీటు బెల్టు కట్టావా?" అని ఏడిపిస్తారు. అక్కడి పద్ధతి తాతల నాటిది. తూటా గొట్టంలోనే ఉంటుంది, సుత్తి సగం లేచి ఉంటుంది. గుర్రం మీదయినా, ట్రక్కులో అయినా, కొండెక్కుతున్నా అంతే. మనిషికీ చావుకీ మధ్య ఆ సగం గంటులో కూర్చున్న ఇనప కొస ఒక్కటే అడ్డం. అది గోరంచు మందం కూడా ఉండదు.

అందుకే డెల్మర్ గంట్ల జోలికి పోడు. ట్రిగ్గర్ కొసని మాత్రం రాయి మీద రెండు లాగులు లాగి, దాని అంచు మీద బొటనవేలి గోరు నడుపుతాడు. గోరు చురుక్కున పట్టుకుంటే అంచు బతికున్నట్టు. జారితే రాయి ఎక్కువై మొద్దుబారినట్టు, అలాంటి కొస గంటులో నిలవదు. ఇరవయ్యేళ్ళుగా ఆ గోరే ఆయనకి కొలత.

కిందటి చలికాలం గోరు సరిగ్గా పట్టుకోవడం మానేసింది. డెల్మర్ ఇంకో లాగు లాగేవాడు. అప్పటికీ అనుమానం తీరకపోతే ఇంకోటి. వేళ్ళ కొసలు దూది చుట్టినట్టు ఉండేవి. చలి వల్లే అనుకున్నాడు. వసంతంలోనూ అలాగే ఉంటే, గాలి వల్ల అనుకున్నాడు. ఎండాకాలం వచ్చేసరికి అనుకోవడానికి ఏమీ మిగల్లేదు, దాంతో ఆ సంగతి ఆలోచించడమే మానేశాడు. షుగరు ఉందని డాక్టరు చెప్పి ఎన్నాళ్ళో అయింది. పాదాలు జాగ్రత్త అన్నాడాయన. చేతుల ఊసెత్తలేదు, లేదా ఎత్తాడేమో, డెల్మర్ వినలేదేమో.

వేట మొదలవడానికి ముందురోజు పొద్దున ఆర్లిస్ వంటింట్లో మాంసం ముద్దలు వేయిస్తోంది. డెల్మర్ కట్టెల పొయ్యి పక్కన నిలబడి కిటికీలోంచి మబ్బులు చూస్తున్నాడు. ఒక చెయ్యి పొయ్యి మీద ఆనించి ఉంది.

"ఏదో మాడుతోంది. నీ మాంసమేనా?" అన్నాడు.

ఆర్లిస్ పెనంలోకి చూసింది. తర్వాత మొగుడి వైపు చూసింది. చేతిలో గరిటె పడేసి వచ్చి ఆయన మణికట్టు పట్టి లాగింది. అరచెయ్యి చర్మం పొయ్యి మీద మరక చేసి ఉంది.

"నీకు నొప్పెయ్యట్లేదా?"

డెల్మర్ చెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఎర్రగా ఉబ్బిన చోట ఇంకో చేత్తో నొక్కి చూశాడు. ఎవరిదో చెయ్యి పట్టుకున్నట్టుంది.

"డెల్మర్, నిన్నే అడుగుతున్నా."

"వెయ్యట్లేదు" అన్నాడు. చల్లనీళ్ళ కింద చెయ్యి పెట్టమని ఆమె అరుస్తూనే ఉంది. ఆయన బీరువా దగ్గరికి వెళ్ళి తన సొంత రైఫిల్ తీశాడు.

దాన్నీ ఆ వసంతంలోనే నున్నగా చేసుకున్నాడు, ట్రిగ్గర్ కొసతో సహా. తూటాలు లేవని రెండుసార్లు చూసి, సుత్తి సగం లేపి, రైఫిల్‌కి భుజాన ఆనించుకునే మడమని నేలకేసి కొట్టాడు. ఏమీ కాలేదు. మళ్ళీ కొట్టాడు. మూడోసారికి సుత్తి టప్పున పడిపోయింది. ట్రిగ్గర్‌ని ఎవరూ ముట్టుకోలేదు.

ఆర్లిస్ కాలిన చోట రాసే మందు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెకి తుపాకీల సంగతి పెద్దగా తెలియదు గానీ, ఆ చప్పుడు ఎప్పుడు రావాలో, ఎప్పుడు రాకూడదో తెలుసు.

"ఇంకెవరెవరివి చేశావు, ఈ ఏడు?" అంది.

అప్పుడు మొదలుపెట్టాడు ఫోన్లు. సిగ్గు చచ్చి ఒక్కొక్కళ్ళకీ అదే మాట: "నా చేతికి స్పర్శ లేదు. నేను చేసింది నమ్మొద్దు. రేపు దాన్ని బయటికి తియ్యొద్దు." కొందరు కంగారుపడి మధ్యాహ్నానికల్లా తెచ్చి పడేశారు. మార్కెట్ వీధి మంగలి ఒకడు "మరి నాకిచ్చినప్పుడు ఎంత గొప్పగా చెప్పావయ్యా!" అని దెప్పాడు. తెచ్చినవాటిలో ఒకదాని సుత్తి నేలకి కొట్టగానే పడింది, మిగతావి నిలబడ్డాయి. ఏది ఎందుకు నిలబడిందో చెప్పగలిగే వేళ్ళు ఆయనకి లేవు. అన్నిటికీ ట్రిగ్గర్లు ఊడదీసి సంచిలో వేశాడు.

క్లీటస్ మాత్రం దొరకలేదు. క్లీటస్ డెల్మర్‌తో పాటు మంచు బండి నడిపినవాడు. ఆయన తాత రైఫిల్‌ని కిందటి ఫిబ్రవరిలో డెల్మరే చేశాడు. చేతులు చలికి మొద్దుబారాయనుకున్న రోజుల్లో. క్లీటస్ తన భార్య వెర్నాతో కలిసి అప్పటికే కొండ మీద గుడారం వేసుకున్నాడు. అక్కడ ఫోను పలకదు.

"పొద్దున్నే పోతా. వాడు వెలుగు రాకుండా బయల్దేరడు" అన్నాడు డెల్మర్.

"ఈ చేత్తో బండెట్లా నడుపుతావు?"

"ఇరవై మైళ్ళు నడపడానికి చెయ్యెందుకు? మోకాళ్ళు చాలవూ?"

ఆర్లిస్ నవ్వలేదు. అల్లుడు ఇచ్చిపోయిన బోల్టు రైఫిల్ ఒకటి అటక మీద ఉంది. ప్లాస్టిక్ మడమ, పేలకుండా ఆపే మీట, డెల్మర్ చెయ్యి ఎప్పుడూ పడని తుపాకీ. దాన్ని తెచ్చి ట్రక్కు సీటు మీద పెట్టింది.

తెల్లవారేసరికి గుడారం దగ్గర కాఫీ వాసన. వెర్నా ఇనప పెనం మీద మెత్తటి రొట్టెల్లాంటి బిస్కెట్లూ, గ్రేవీ చేస్తోంది. క్లీటస్ నారింజ రంగు చొక్కా తొడుక్కుంటున్నాడు. ఒళ్ళు పెద్దది, చొక్కా చిన్నది.

"ఏమిరా ముసలోడా, నీ కొండ నీకుండగా నా కొండెక్కావే?" అని అరిచాడు క్లీటస్. డెల్మర్ చేతి కట్టు చూశాడు. "ఆర్లిస్ కరిచిందా?"

"మూసుకో. నీ రైఫిలేదీ?"

"ఎందుకూ? మళ్ళీ సాసేజీ గుంజడానికా?"

డెల్మర్ చెప్పాడు. పొయ్యి సంగతి, తన రైఫిల్ సంగతి, మంగలి దెప్పిన సంగతి కూడా. వెర్నా గరిటె పెనంలో వదిలేసి వింది. క్లీటస్ నోట్లో బిస్కెట్టు నములుతూనే ఉన్నాడు, కాసేపటికి నమలడం ఆపాడు.

లేచి రైఫిల్ తెచ్చి తూటాలన్నీ దులిపేశాడు. సుత్తి సగం లేపి, మడమని దుంగకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. దుంగ బెరడు లేచేదాకా కొట్టాడు. సుత్తి కదల్లేదు.

"చూశావా? నాది బాగుంది. నీ చెయ్యి పాడయితే నువ్వేడువు, నా తాత తుపాకీ జోలికి రాకు."

"నాది కూడా ముందు నిలబడింది. తర్వాత పడింది."

"మరి దీనికి ఎప్పుడొస్తుందిరా ఆ తర్వాత? నా మనవరాలి పెళ్ళికా?"

"అదే నాకు తెలీట్లేదు క్లీట్. తెలిస్తే ఇంత దూరం ఎందుకొస్తాను? ఇదిగో, ఇది తీసుకెళ్ళు."

క్లీటస్ అల్లుడి రైఫిల్‌ని కర్రతో పామునెత్తినట్టు ఎత్తి చూశాడు. "దీన్ని బాత్‌రూమ్‌లో తువ్వాలు ఆరేసుకోవడానికి కదూ చేసింది? ఇది పట్టుకుని కొండెక్కితే ఎల్కులు పడీపడీ నవ్వుతాయి."

"నవ్వనియ్యి. నవ్వుతూ నిలబడితే కొట్టడం తేలిక" అంది వెర్నా. "ఆయన మాట విను."

"వింటా. గొట్టంలో తూటా ఉంచను. ఎల్క్ కనపడ్డాకే లీవరు ఆడించి తూటా ఎక్కిస్తా. అయితే గియితే ఒక క్షణం ఆలస్యం. సరేనా?"

డెల్మర్ ఆయన చేతుల వంక చూశాడు. నలభయ్యేళ్ళుగా ఆ బొటనవేలు ఒకే పని చేస్తోంది. "నువ్వు ఉంచవు. నీ వేలు ఉంచుతుంది" అన్నాడు.

"నా వేలికి నేను చెప్తాలే."

"అయితే నేనూ వస్తా."

"తుపాకీ లేకుండానా?"

"నిన్ను కాసుకోడానికి తుపాకీ ఎందుకు?"

క్లీటస్‌కి అది నచ్చలేదు. కానీ పొమ్మని కూడా అనలేదు. ఒకే బండి మీద మంచు తోసినవాళ్ళు.

కొండ వాలు మీద ఆస్పెన్ చెట్లు పసుపు రంగు ఆకులు రాలుస్తున్నాయి. రాత్రి కురిసిన పల్చటి మంచు మీద క్లీటస్ ముందు, డెల్మర్ వెనక. క్లీటస్ రైఫిల్‌ని మోచేతి మడతలో వేసుకుని నడుస్తాడు. గొట్టం నేల వైపు, కొంచెం వెనక్కి. అంటే వెనక వచ్చేవాడి కాళ్ళ వైపు. డెల్మర్ ఒకసారి పక్కకి జరిగాడు. దారి సన్నం, మళ్ళీ వెనక్కే రావలసివచ్చింది. మోకాళ్ళు పీకుతున్నాయి. ఊపిరాడట్లేదు. ఇంత దూరం నడిచి చాలా ఏళ్ళయింది, అది ఒప్పుకునే రోజు మాత్రం ఇది కాదు, ఇవాళ్టికి ఒప్పుకున్నవి చాలు.

దూరంగా ఎవరో కాల్చారు. ఒకటే పేలుడు. మామూలుగా అయితే "ఎవడికో పండగే" అనుకునేవాడు. ఇవాళ ఆ చప్పుడుకి నిలబడిపోయి, ఎవరిదై ఉంటుందా, వాడి తుపాకీ తన బల్ల మీదికి వచ్చిందా అని గుర్తు చేసుకోబోయాడు. క్లీటస్ వెనక్కి తిరిగి నోటి మీద వేలుంచి, రమ్మని సైగ చేశాడు.

వాగు అవతల, చెట్ల అంచున, ఒక ఎల్క్ మంచు తవ్వుకుని గడ్డి తింటోంది. మెడ నల్లగా, ఒళ్ళు ఎండుగడ్డి రంగు. క్లీటస్ ఒక మోకాలు మీద కూచున్నాడు. లీవరు కిందికీ పైకీ ఆడింది. అంత దగ్గరున్నా డెల్మర్‌కి సరిగ్గా వినపడలేదు. పట్టు మీద పట్టు జారినట్టు అంత నున్నగా. ఆ ఒక్క క్షణం తను చేసిన పని అంత బాగున్నందుకు సంతోషమేసింది, వెంటనే ఆ సంతోషానికి ఒళ్ళు మండింది.

ఎల్క్ తల ఎత్తింది. రెండడుగులు వేసి చెట్ల వెనక్కి పోయింది. క్లీటస్ భుజం నుంచి రైఫిల్ దించాడు. కళ్ళు చెట్ల మీదే ఉన్నాయి. మళ్ళీ బయటికొస్తుందేమోనని మెడ సాచి చూస్తున్నాడు. కూచున్నవాడు లేచాడు. రైఫిల్ మోచేతి మడతలోకి వచ్చింది, గొట్టం వెనక్కి తిరిగింది.

డెల్మర్ ఆ బొటనవేలినే చూస్తున్నాడు. అది సుత్తి మీదికి వెళ్ళింది. చూపుడువేలు ట్రిగ్గర్ తాకింది. సుత్తి మెల్లగా దిగి, సగంలో, గంటు దగ్గర, క్లిక్ మని ఆగింది. తూటా గొట్టంలోనే ఉంది. గొట్టం డెల్మర్ బూట్ల వైపు చూస్తోంది.

"క్లీట్" అన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు, అరిస్తే ఉలిక్కిపడతాడని.

"ఉష్! అది ఇంకా అక్కడే ఉంది."

"నీ వేలు చూసుకో."

క్లీటస్ చిరాగ్గా కిందికి చూశాడు. కాసేపు ఏమీ అర్థం కానట్టు చూశాడు. తర్వాత మొహంలో రంగు పోయింది. గొట్టాన్ని నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, వాగు వైపు తిప్పాడు. లీవరు కిందికి తోశాడు. ఇత్తడి తూటా ఎగిరి మంచులో పడింది. మిగతా తూటాలన్నీ అలాగే ఒకదాని వెనకొకటి దులిపేశాడు. ఆ చప్పుడుకి చెట్ల వెనక కొమ్మలు విరిగాయి. ఎల్క్ వెళ్ళిపోయింది.

"నేను చెయ్యలేదు" అన్నాడు క్లీటస్. "ఒట్టు. నేను అనుకోనేలేదు."

"తెలుసు."

క్లీటస్ లీవరు తెరిచి ఉంచి రైఫిల్‌ని డెల్మర్ చేతికిచ్చాడు. ఇవ్వడం కాదు, ఛాతీకేసి తోశాడు. డెల్మర్ రెండు చేతులా పట్టుకున్నాడు. కట్టు కట్టిన చేతికి బరువు తెలుస్తోంది, ఇనుము చల్లదనం తెలియట్లేదు.

"ఒక్క మాట చెప్పు" అన్నాడు క్లీటస్. "నాకిది ఫిబ్రవరిలో ఇచ్చావు. అప్పటికే వేళ్ళు సరిగ్గా లేవు కదా. నీకు తెలీదా?"

చలి అని చెప్పొచ్చు. ఆర్లిస్‌కి అదే చెప్పాడు. డెల్మర్ మంచులో పడిన తూటాల వంక చూశాడు.

"అనుమానం వచ్చింది" అన్నాడు. "వచ్చిందని ఒప్పుకుంటే ఇంక చెయ్యడానికేం ఉంది నాకు? బేస్‌బాల్ చూసుకుంటూ కూర్చోవాలి."

"నా వెనకాల వెర్నా నడిచేది, తెలుసా? ప్రతి ఏడూ. ఇవాళ నువ్వు రాకపోతే తనే వచ్చేది."

జవాబు కోసం చూడకుండా క్లీటస్ వంగి తూటాలు ఏరుకున్నాడు. ఒకటి మంచులో ఎక్కడో కూరుకుపోయింది. డెల్మర్ కూడా వంగి వెతకబోయాడు గానీ, వేళ్ళకి మంచేదో ఇత్తడేదో తెలియలేదు. క్లీటస్ చూశాడు. "నువ్వాగు" అని తనే వెతికి తీసుకున్నాడు.

దిగేటప్పుడు క్లీటస్ ఖాళీ చేతులతో ముందు నడిచాడు. పెద్ద పెద్ద అంగలు వేస్తున్నాడు, కావాలనే. డెల్మర్ వెనకబడ్డాడు. రైఫిల్ లీవరు తెరుచుకుని వేలాడుతోంది, అడుగు అడుగుకీ తొడకి తగులుతోంది. దారికడ్డంగా ఒక చెట్టు పడి ఉంది. వచ్చేటప్పుడు దాన్ని దాటడానికి డెల్మర్ ఎంత అవస్థ పడ్డాడో క్లీటస్ చూడలేదు.

క్లీటస్ దాన్ని దాటి నాలుగడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి తిరగలేదు, చెయ్యి ఇవ్వలేదు. డెల్మర్ రైఫిల్‌ని ముందు అవతలికి ఆనించి, మొద్దు మీద కూచుని, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు దాటించి, మళ్ళీ లేచి నిలబడేదాకా అలాగే నిలబడి ఉన్నాడు. నిలబడ్డాడని చప్పుడు విన్నాక, మళ్ళీ నడిచాడు. ఈసారి కొంచెం నెమ్మదిగా.